ఇంపర్టర్బబుల్ అంటే మా బంట్రోతు

ఈ మధ్య మా వీధిలో ఉండే కుర్ర టీచరు ఒకాయన నన్ను చూడటానికి వచ్చి, "పిల్లలకు కష్టమైన ఇంగ్లీషు విశేషణాలు ఎలా చెప్పాలండీ?" అని అడిగాడు. పెద్దవాణ్ణి సంతోషపెడదామని అడిగాడో, నిజంగా తెలియకే అడిగాడో గాని, కాఫీ ఇప్పించి చాలాసేపు కూర్చోబెట్టాను. పాపం, మొహమాటానికి లేవలేకపోయాడు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను. మీకు విసుగు పుడితే పేజీ తిప్పుకోవచ్చు. ఆయనకు ఆ వీలు కూడా లేకపోయింది.

నాది పుత్తూరు పక్క పల్లెటూరు. చెన్నపట్నంలో బి.ఏ. చదివి, ఆపైన టీచర్ల చదువు ఎల్.టి. కూడా అయిందనిపించుకుని, యుద్ధం జరుగుతున్న రోజుల్లో తిరుపతిలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరాను. చేరానంటే పక్కాగా కాదు, ప్రొబేషను మీద. ఇన్‌స్పెక్టరు వచ్చి నా పాఠం విని బాగుందని రాస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినవాణ్ణి మళ్ళీ రానక్కర్లేదు. నన్ను చదివించడానికి మా నాయన వేరుశనగ చేను అమ్మేశాడు. నా ఉద్యోగం ఖాయమైతే తమనూ చదివిస్తానని ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళు కాచుకుని ఉన్నారు. నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా నేను చెప్పులు విప్పకముందే పెద్ద తమ్ముడు "అన్నా, ఖాయమైందా?" అని అడిగేవాడు. వాడికి భయపడి కొన్ని ఆదివారాలు తిరుపతిలోనే ఉండిపోయేవాణ్ణి.

మా హెడ్మాస్టరుకు డైరెక్ట్ మెథడ్ అంటే ప్రాణం. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే చెప్పాలి, ఆ పీరియడులో తెలుగు మాట వినిపించకూడదు, ఇదీ ఆ పద్ధతి. బల్ల చూపించి 'టేబుల్' అనాలి గాని 'బల్ల' అనకూడదు. వస్తువులకు బాగానే ఉండేది. 'జంప్' చెప్పడానికి గెంతాను. 'వీప్' చెప్పడానికి ఏడ్చాను. ఆ ఏడుపు విని పక్క గదిలోని తెలుగు పండితులు మధ్యాహ్నం నన్ను పలకరించారు. పెద్దాయన, ఎవరినీ వదిలిపెట్టని నోరు.

"ఏమబ్బా, పొద్దున మీ గదిలో ఏడుస్తా ఉండిరే. ఎవరు పోయినారు?"

"ఎవరూ పోలేదు పండితులుగారూ, పాఠం చెప్తా ఉండాను."

"అట్లనా. నేను తలకు నీళ్ళు పోసుకోవల్లేమో అనుకుంటిని."

చిక్కంతా గుణాలను చెప్పే మాటలతోనే. 'ఎన్వీ' అంటే అసూయ. అది చూపించడానికి ఇంకే దారీ తోచక, పండితులవారి కొత్త గొడుగు అరువు తెచ్చి బల్ల మీద పెట్టి, దాని వైపు ఆశగా, కోపంగా, కుళ్ళుగా చాలాసేపు చూశాను. క్లాసు మొత్తం గొడుగును ఎన్వీ అంటారని నేర్చుకుంది. ఆ సంగతి నాకు వానాకాలంలో గాని తెలియలేదు.

ఈ పద్ధతికి కావలి కాయడానికి ఒక చెక్క ఉండేది. అరచేయంత ముక్క, దానికి ఒక తాడు. ఇంగ్లీషు పీరియడులో ఎవడి నోట తెలుగు మాట జారితే వాడి మెడలో పడేది. ఆ తర్వాత ఇంకొకడు జారితే వాడికి మారేది. సాయంత్రానికి ఎవడి మెడలో మిగిలితే వాడు గది ఊడ్చి వెళ్ళాలి. పిల్లలు దాన్ని తెలుగు చెక్క అనేవాళ్ళు. చెక్క వదిలించుకోవడానికి పక్కవాణ్ణి గట్టిగా గిల్లేవాళ్ళు, వాడు "అమ్మా" అనేవాడు, చెక్క వాడి మెడలోకి పోయేది. 'అమ్మా' తెలుగా కాదా అని ఒకసారి పంచాయతీ పెట్టారు. తెలుగే అని హెడ్మాస్టరు తీర్పు చెప్పాడు.

ఇక మా బంట్రోతు సంగతి. ఆయనది కాణిపాకం దగ్గర పల్లె. నడివయసు దాటిన మనిషి. ఎర్ర తలపాగా, భుజం మీదుగా పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ. వరండా చివర వేలాడే రైలుపట్టా ముక్కను సుత్తితో కొట్టడం ఆయన పని. ఆయన కంగారు పడగా చూసినవాళ్ళు లేరు. చెన్నపట్నం మీద బాంబులు పడతాయని జనం పిల్లాజెల్లాతో తిరుపతికి తరలివచ్చిన రోజుల్లో ఒకనాడు ఎవరో విమానం, విమానం అని అరిచారు. పిల్లలతో పాటు మేమూ బల్లల కింద దూరాము. హెడ్మాస్టరు దూరిన బల్ల కిందే నాకూ చోటు దొరికింది. కాసేపటికి బయటికి వచ్చి చూస్తే బంట్రోతు పట్టా పక్కనే నిలబడి ఆకాశం వైపు చూస్తున్నాడు. "నువ్వెందుకు దాక్కోలేదప్పా?" అని హెడ్మాస్టరు అడిగితే, "గంట కొట్టే టైమవుతా ఉండాది గదా సామీ" అన్నాడు.

ఆ ఏడు ఆరో ఫారానికి, అంటే స్కూలు చివరి తరగతికి, పాఠంలో ఒక ఓడ కెప్టెను వచ్చాడు. తుఫానులో అందరూ గోల పెడుతుంటే ఆయన మాత్రం 'ఇంపర్టర్బబుల్'గా నిలబడ్డాడట. దేనికీ చలించని, ఏం జరిగినా కంగారు పడని అని ఆ మాటకు అర్థం. మీకు ఒక్క ముక్కలో చెప్పేశాను. అప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పడానికే వీల్లేదు.

ఏం చేయాలా అని చాక్‌పీసు పట్టుకుని నిలబడి ఉండగా కిటికీలోంచి బంట్రోతు కనిపించాడు. గంట కొట్టడానికి సుత్తి ఎత్తాడు. వరండా కప్పు మీంచి ఒక కోతి దిగి ఆయన తలపాగా లాక్కుని చెట్టెక్కేసింది. తిరుపతి కోతులకు భయం తక్కువ. క్లాసంతా లేచి కేకలు. ఆయన తల తిప్పలేదు. కొట్టాల్సిన దెబ్బలన్నీ కొట్టి, సుత్తి దాని చోట పెట్టి, అప్పుడు చెట్టు కిందికి వెళ్ళి కోతి వైపు చూస్తూ కూర్చున్నాడు. దానికి విసుగు పుట్టి తలపాగా కింద పడేస్తే తీసి దులుపుకుని చుట్టుకున్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. వేలు చూపించి, "హి ఈజ్ ఇంపర్టర్బబుల్" అన్నాను. క్లాసు ముక్తకంఠంతో అదే మాట అంది. డైరెక్ట్ మెథడ్‌కు ఇంతకన్నా ఏం కావాలి అనుకుని ఆ సాయంత్రం కపిలతీర్థం దాకా హుషారుగా నడిచి వచ్చాను.

మర్నాడు ఆ మాటతో వాక్యాలు చెప్పమన్నాను. మొదటివాడు, "హెడ్మాస్టరు చాక్‌పీసులు తెమ్మని ఇంపర్టర్బబుల్‌ను పంపాడు" అని ఇంగ్లీషులో చెప్పాడు. రెండోవాడు, "మా మామ చిత్తూరు కలెక్టరాఫీసులో ఇంపర్టర్బబుల్" అన్నాడు. నా కాళ్ళ కింద నేల కదిలింది. క్లాసు మొత్తానికి ఇంపర్టర్బబుల్ అంటే బంట్రోతు. కాదు కాదని కెప్టెను బొమ్మ వేశాను, అలలు వేశాను, ఆయన మొహం ప్రశాంతంగా వేశాను. చివరికి తెలివైనవాడు ఒకడు లేచి, "సార్, ఓడలో గంట కొట్టేది కెప్టెనేనా?" అని అడిగాడు.

పండితులవారితో చెప్పుకుంటే ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

"ఒక్క తెలుగు మాట చెప్తే తీరిపాయ గదబ్బా."

"మెడలో చెక్క పడుతుంది."

"పడనీ. మెడ ఉండేది దేనికి?"

"ఇన్‌స్పెక్టరు వస్తా ఉండాడు పండితులుగారూ. హెడ్మాస్టరు చెవి ఎప్పుడూ మా గది గోడకే అంటుకోని ఉండాది. తెలుగు మాట వినిపించిందంటే నేను ఇంటికే."

ఆ మాట పక్కన పెట్టేసి, ఇన్‌స్పెక్షనుకు ఇంకేదైనా తేలిక పాఠం చెబుదామని సర్దుకున్నాను. కాని పిల్లలు పక్కన పెట్టలేదు. నోరు తిరగని మాట నోరు తిరిగితే ఊరుకుంటారా? గేటు దగ్గర "గుడ్ మార్నింగ్, ఇంపర్టర్బబుల్" అనేవాళ్ళు. చిన్న తరగతుల వాళ్ళూ అందుకున్నారు. స్కూలు బయట జట్కావాళ్ళు కూడా అనడం మొదలుపెట్టారు. బంట్రోతు నన్ను చూస్తే నమస్కారం పెట్టడం మానేశాడు. గంట మోత కూడా మారింది, చెవులు చిల్లులు పడేట్టు కొట్టేవాడు. సుత్తి మార్చారేమో అనుకున్నాను. ఇన్‌స్పెక్షను తప్ప ఇంకేమీ నా బుర్రలో లేదు.

ఇన్‌స్పెక్షనుకు ముందురోజు పండితులవారు, "బంట్రోతు ఉద్యోగం మానుకోని ఊరికి పోతాడంట. ఎందుకురా అంటే చెప్పడు. ఆ మనిషి మొహం అట్ల ఉండంగా నేనెప్పుడూ చూడలేదబ్బా" అన్నారు. అయ్యో అన్నాను. అని, రేపు ఇన్‌స్పెక్టరుకు కుర్చీ ఎవరు వేస్తారా అని ఆలోచించాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చెన్నపట్నం నుంచి వచ్చిన మనిషి, లావుగా, మాట తక్కువగా ఉన్నాడు. క్లాసు వెనక కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పక్కన హెడ్మాస్టరు. తెలుగు చెక్కను ఆయన చూడాలని హెడ్మాస్టరు నల్లబల్ల పక్కన మేకుకు తగిలించి పెట్టాడు. పాఠం నడిచింది. బాగానే నడిచింది కూడా. ఇక కాసేపట్లో గంట కొట్టేస్తారనగా ఇన్‌స్పెక్టరు నోరు తెరిచి, ఈ ఏడు నేర్చుకున్న పెద్ద మాట ఒకటి చెప్పమని ముందు వరసలోవాణ్ణి అడిగాడు.

వాడు లేచి, గర్వంగా, "ఇంపర్టర్బబుల్, సార్" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కనుబొమలు పైకి లేచాయి. దాని అర్థం చెప్పమన్నాడు. అదే క్షణాన బంట్రోతు ఆయన కోసం మంచినీళ్ళ గ్లాసు తీసుకుని గుమ్మంలోకి వచ్చాడు. వాడు బంట్రోతు వైపు వేలు చూపించాడు. వాడితో పాటు క్లాసంతా వేళ్ళు చూపించింది.

బంట్రోతు ఆగిపోయాడు. నేరుగా వచ్చి, నీళ్ళు ఒలికేట్టు గ్లాసును నా బల్ల మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టరు వైపు గాని హెడ్మాస్టరు వైపు గాని చూడలేదు.

"అయ్యోరూ, ఒక మాట అడగల్ల. ఈ పిలకాయలు నెల దినాలుగా నన్ను ఆ మాటతోనే పిలస్తా ఉండారు. మొదట అన్నింది మీరంట. నేను ఈడికి రాకముందు చిత్తూర్లో దొర బంగళాలో శానా ఏండ్లు చేసినాను. దొరకు కోపమొస్తే ఇట్లాంటి పొడుగు మాటలతోనే తిట్టేటోడు. అర్థం తెలిసిన తిట్టయితే తుడిచేసుకోవచ్చు. తెలియని తిట్టు యాడని తుడుచుకునేది? మీరు మంచోళ్ళనుకున్నాను. నేను జేసిన తప్పేందో చెప్పండి, ఇనేసి మా ఊరికి ఎల్లిపోతాను."

వెనక నుంచి హెడ్మాస్టరు ఇంగ్లీషులో, పీరియడయ్యాక చూసుకుందాం పొమ్మను అన్నాడు. నేను కూడా ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. "ఇట్ ఈజ్ ఎ గుడ్ వర్డ్" అన్నాను. బంట్రోతు నా నోటి వైపు చూశాడు. ఆ బంగళాలో ఆ దొర నోటి వైపు ఎలా చూసి ఉంటాడో అలాగే చూశాడు. నాకు సిగ్గేసింది. మా నాయన చేను గుర్తొచ్చింది, తమ్ముడి ప్రశ్న గుర్తొచ్చింది. అయినా ఆ చూపును భరించడం నా వల్ల కాలేదు.

"అది తిట్టు కాదు" అన్నాను, తెలుగులో. "ఏం జరిగినా తొణక్కుండా బెణక్కుండా ఉండే మనిషిని ఇంగ్లీషులో అట్లంటారు. కోతి మీ తలపాగా ఎత్తుకోని పోతే మేమంతా గోల జేసినాము. మీరు గంట పూర్తిగా కొట్టిందాకా తల తిప్పలేదు. అది చూసి అన్నాను. విమానం వచ్చిందని మేమంతా బల్లల కింద దూరితే మీరొక్కరే నిలబడినారే, దానికీ ఆ మాటే సరిపోతుంది."

"తిట్టు కాదా?"

"కాదు. మెప్పు. నన్ను ఎవరన్నా ఆ మాట అంటారేమో అని నాకే ఆశ. ఎవరూ అనరు."

ఆయన పిల్లల వైపు తిరిగి చూశాడు. "ఈ ముక్క ఆ పొద్దే ఈ పిలకాయలకు మన మాటల్లో చెప్పుంటే సరిపోయుండు గదా అయ్యోరూ."

"చెప్పకూడదని రూలు."

ఆయన భుజం మీది తువ్వాలుతో బల్ల మీద ఒలికిన నీళ్ళు తుడిచి, గ్లాసు తీసుకెళ్ళి, "తాగండి సామీ" అని ఇన్‌స్పెక్టరు చేతికిచ్చి, బయటికి వెళ్ళిపోయాడు. మనిషి మళ్ళీ ఎప్పటిలా నిదానంగా నడిచాడు.

హెడ్మాస్టరు కుర్చీలోంచి సగం లేచాడు. పిల్లలు నన్ను కాదు, చెక్కను చూస్తున్నారు. వాళ్ళలో ఒక్కడు కూడా నవ్వలేదు. ఏడాదిగా వాళ్ళ మెడల్లో వేసినవాణ్ణి, నా వంతు వచ్చినప్పుడు చూడనట్టు ఉండటం బాగుండదనిపించింది. మేకు మీంచి చెక్క తీసి మెడలో వేసుకున్నాను. ఎలాగూ ఉద్యోగం పోయింది, మర్యాదైనా మిగుల్తుంది అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు నీళ్ళు నింపాదిగా తాగాడు. గ్లాసు కింద పెట్టి, ఆ మాటతో ఇంకొకరి గురించి చెప్పండి, బంట్రోతు గురించి కాదు, అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చాలా చేతులు పైకి లేచి ఉన్నాయి.

ఒకడు, కొండ మీద గుండ్లు గీసే తమ నాయన ఇంపర్టర్బబుల్, పిల్లకాయలు ఎంత ఏడ్చినా తన్నినా కత్తి వణకదు అన్నాడు. ఇంకొకడు, పుత్తూరులో ఎముకలు కట్టేవాళ్ళు తన చెయ్యి లాగినప్పుడు తను ఊరు ఎగిరిపోయేలా అరిచాడట, వాళ్ళు ఇంపర్టర్బబుల్‌గా ఆకులు నూరుతూనే ఉన్నారట. ఇంకొకడు వాళ్ళ అవ్వ గురించి చెప్పాడు. వాన దెబ్బకు పక్క గోడ కూలితే, ఆమె చేతిలోని సంగటి ముద్ద తిని గాని లేవలేదట. ఇంగ్లీషు అక్కడక్కడా కుంటింది. మాట మాత్రం ప్రతిసారీ దాని చోట్లోనే కూర్చుంది. చివరికి గంట గురించి అడిగిన ఆ తెలివైనవాడు లేచి, "సార్, మీరు మాత్రం ఇంపర్టర్బబుల్ కాదు" అన్నాడు. ఇన్‌స్పెక్టరు పొట్ట కదిలేట్టు నవ్వాడు. బయట గంట మోగింది, పాత మోత.

సాయంత్రం చెక్క నా మెడలోనే ఉంది కాబట్టి గది ఊడ్చే వంతు నాది. పిల్లలు మేం ఊడుస్తామన్నారు, పంపించేశాను. బంట్రోతు చీపురు తెచ్చి ఇచ్చాడు. తనే ఊడ్చేస్తానంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ మూల కూడా అయ్యోరూ" అన్నాడు. "రూలు రూలే గదా."

"ఊరికి పోతానంటివే?"

"ఎందుకు పోవల్ల? ఈడ నాకు మంచి పేరుండాది."

ఆ తర్వాత కొన్ని వారాలు నాకు తిండి సహించలేదు. హెడ్మాస్టరు నాతో మాట్లాడలేదు, కనీసం కోప్పడనూ లేదు. ఒకరోజు బంట్రోతు క్లాసు గుమ్మంలోకి వచ్చి, హెడ్మాస్టరు పిలుస్తున్నాడని చెప్పాడు. వరండాలో నా పక్కనే నడిచాడు. నా కాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆయన అది చూశాడు.

"అయ్యోరూ, యాడికి పోతాది ఉద్యోగం. ఇంపర్టర్బబుల్‌గా నడవండి" అన్నాడు.

నవ్వొచ్చేసింది. నవ్వు మొహంతోనే లోపలికి వెళ్ళాను. హెడ్మాస్టరు ఇన్‌స్పెక్టరు అభిప్రాయం చదివి వినిపించాడు. ఈ టీచరు నిబంధనకు విరుద్ధంగా తెలుగు వాడాడు, ఆ తర్వాతే పిల్లలకు పాఠం అర్థమైంది, ఉద్యోగం ఖాయం చేయవచ్చు. అంతే. హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి, "తెలుగు చెప్పు, గాని గోడ దాటి రాకుండా చెప్పప్పా" అన్నాడు. ఆ రాత్రి బండికే ఊరికి వెళ్ళాను. ఈసారి తమ్ముడు అడగక ముందే చెప్పాను. మా నాయన లేచి పెరట్లోకి వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు.

తెలుగు చెక్క కొన్నాళ్ళకు కనిపించకుండా పోయింది. హెడ్మాస్టరు స్కూలంతా వెతికించాడు. బంట్రోతును అడిగితే, "కోతి ఎత్తుకోని పోయుండాది సామీ" అన్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. కొత్త చెక్క ఎవరూ చేయించలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన రిటైరయ్యాడు. వరండాలోనే చిన్న సభ పెట్టి, శాలువా కప్పారు. ఇంగ్లీషు టీచరు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పడం మా స్కూల్లో ఆనవాయితీ. నేను లేచి, ఈయన కన్నా ఇంపర్టర్బబుల్ అయిన మనిషిని నేను చూడలేదని ఒక్క వాక్యం ఇంగ్లీషులో చెప్పాను. తెలుగులో చెబుదామని ఆయన వైపు తిరిగాను. చెప్పనక్కర్లేకపోయింది. ఎర్ర తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడుస్తున్నాడు.

ఆ మాట ఆయనకు సరిపోని రోజులు నాకు తెలిసి రెండే. ఒకటి దాని అర్థం తెలియని రోజు. రెండోది అర్థం తెలిసి విన్న రోజు.